పాత్రలోని కణము, పాతబస్తీలోని రోగి

ఉల్లిపొరలోనో, జామాకులోనో, అతిమధురపు వేరులోనో ఉన్న ఫ్లేవనాయిడ్లు అను వృక్షద్రవ్యములను రోగనిరోధక కణములపై ప్రయోగించి చూడగా ఆ కణముల ఉద్రేకము శమించినదనియు, అందుచేత ఆ పొరను, ఆ ఆకును, ఆ వేరును సేవించిన మనుష్యుని వాపులును, కీళ్ళనొప్పులును, ఉబ్బసమును శమించి తీరుననియు, ఇది ఆధునిక విజ్ఞానశాస్త్రము నిరూపించిన సత్యమనియు చెప్పు అభిప్రాయమొకటి నేడు చదువుకొన్నవారిలోను, చదువుకొననివారిలోను సమానముగా వ్యాపించియున్నది. హైదరాబాదు పాతబస్తీలో ఉన్నాబు, బనఫ్షా, ముల్హెఠీ మొదలగు దినుసులను కాగితపు పొట్లములలో కట్టి యిచ్చు అత్తారుల వృత్తి తరతరములుగా సాగుచున్నది. ఆ పొట్లములతో నాకు తగవు లేదు. వాటి సరసన నేడు వెలసిన గొట్టపు మాత్రల డబ్బాలపైనను, పత్రికల ఆరోగ్యపుటలలోను, చేతిఫోనులలో ఒకరినుండి యొకరికి పారు సందేశములలోను కనబడు 'శాస్త్రీయముగా నిరూపితము' అను ముద్రతోనే నా తగవు.

ఫ్లేవనాయిడ్లకు శోథమును తగ్గించు గుణము లేదని నేననుట లేదు. గాజుపాత్రలో కనబడిన గుణమును మనుష్యదేహములో నిరూపితమైన గుణముగా చాటుట అసత్యమనియు, ఆ అసత్యమువలన విజ్ఞానశాస్త్రమునకును, హకీముల వైద్యమునకును, అన్నింటికంటె మిన్నగా నొప్పితో నడవలేక దవాఖానా మెట్లెక్కు రోగికిని అపకారము కలుగుచున్నదనియు నా వాదము.

ముందుగా ఈ శాస్త్రమునకు చెందవలసిన గౌరవము చెల్లింతము. 1936లో హంగేరీ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గీ, తన సహచరులతో కూడి, నిమ్మ మిరప జాతులనుండి తీసిన ఫ్లేవనాయిడ్ ద్రవ్యము సూక్ష్మరక్తనాళముల పెళుసుదనమును తగ్గించుచున్నదని ప్రకటించి, దానికి విటమిన్ పి అని పేరు పెట్టెను; ఆ ద్రవ్యము లేకున్నంతమాత్రమున వచ్చు వ్యాధియేదియు తేలకపోవుటచేత 1950లో శాస్త్రజ్ఞులు ఆ పేరును విడిచిపెట్టిరి. ఆ కాలముననే మన వాల్తేరులో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రసాయనశాస్త్ర శాఖలో, తిరువెంకట రాజేంద్ర శేషాద్రి తన శిష్యులతో పత్తిపూలనుండి పసుపువన్నె ఫ్లేవనాయిడ్లను వేరుచేసి, వాటి నిర్మాణమును ఒక్కొక్క పరమాణువు స్థానముతో సహా నిర్ధారించి, 1949లో ఢిల్లీకి తరలిపోవులోపల వాల్తేరును ఈ ద్రవ్యముల అధ్యయనమునకు ప్రపంచమెరిగిన కేంద్రముగా నిలిపెను. ఒక అణువును గురించి రుజువైనంతమట్టుకే పలుకుటయు, రుజువు కానిదానిని పేరుతో సహా విడిచిపుచ్చుటయు ఆ తరమువారి శీలము. నేటి ప్రచారములో లోపించినది ఆ శీలమే.

కణముల విషయములోను సత్యమును దాచవలసిన పనిలేదు. సూక్ష్మజీవుల పైపొరనుండి వచ్చు లైపోపాలీశాకరైడ్ అను పదార్థము తగిలినప్పుడు మాక్రోఫేజ్ అను భక్షకకణము మేల్కొని, తనలోని ఎన్.ఎఫ్. కప్పా బి అను సంకేతవాహకమును కేంద్రకములోనికి పంపి, టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-6 మొదలగు ద్రవ్యములను వెలువరించును. వాపును, జ్వరమును, నొప్పిని కలిగించు కార్యములకు ఇవి నాయకములు. క్వెర్సెటిన్, లూటియోలిన్, ఎపిజెనిన్ మొదలగు ఫ్లేవనాయిడ్లను ముందుగా చేర్చినచో ఆ సంకేతము మందగించుననియు, ఆ ద్రవ్యములు తగ్గుననియు అనేక ప్రయోగశాలలు చూపినవి. ఎలుకలలోని, అలర్జీని రేపు మాస్టు కణములు హిస్టమిన్‌ను విడుచుటను క్వెర్సెటిన్ నిరోధించునని 1977లోనే తెలిసినది. ఇవి యన్నియు నిజములే. అయితే ఏ పరిస్థితులలో నిజములు?

ఈ ప్రయోగములలో అత్యధికభాగము రా 264.7 అను కణసంతతిపై జరిగినవి. అది 1970లలో వైరసుచేత కంతి పుట్టించిన ఒక చుంచెలుకనుండి తీసి, నాటినుండి పాత్రలలో పెంచబడుచు వచ్చుచున్న సంతతి. దానికి రక్తప్రవాహము లేదు, కాలేయము లేదు, ప్రేగు లేదు, పొరుగున నుండి మందలించు ఇతర కణములు లేవు. ఆ ప్రయోగములలో సామాన్యముగా ఫ్లేవనాయిడ్‌ను ముందు చేర్చి, గంటయో రెండు గంటలో గడిచిన పిమ్మట మంట పుట్టించు పదార్థమును చేర్చుదురు. రోగియో, మోకాలు వాచిన పిమ్మట కదా వైద్యుని యొద్దకు వచ్చును. ఆ పాత్రలో పోయు మోతాదు సామాన్యముగా పది మొదలు ఏబది మైక్రోమోలారుల వరకు ఉండగా, కడుపునిండ ఉల్లి తిన్న మనుష్యుని రక్తములో క్వెర్సెటిన్ సంబంధ ద్రవ్యములన్నియు కలిసియు సామాన్యముగా ఒక మైక్రోమోలారునకు లోపలనే యుండును. పైగా ఈ ద్రవ్యములలో కొన్ని కణములను పెంచు ద్రవములో కరగగానే గాలిలోని ఆమ్లజనితో కలిసి హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టించును గనుక, కణము నణచినది ఫ్లేవనాయిడో, ఆ పెరాక్సైడో తేల్చకయే ఫలితమును ప్రకటించినవారును కలరు.

దేహము పాత్ర వంటిది కాదు. మనము తిన్న క్వెర్సెటిన్ ప్రేగుగోడను దాటునప్పుడును, కాలేయమున ప్రవేశించినప్పుడును గ్లూకురోనిక్ ఆమ్లముతోను, సల్ఫేటుతోను జతకూర్చబడి, తన పూర్వస్వరూపమును దాదాపుగా కోల్పోయియే రక్తములో తిరుగును. శోషింపబడని భాగమును పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు విరుగగొట్టి చిన్న చిన్న ఆమ్లములుగా మార్చివేయును. అనగా పాత్రలోని కణమును తాకిన అణువు వేరు, మనుష్యుని కణమును తాకు అణువు వేరు. 1995లో డచ్చి పరిశోధకులు జరిపిన అధ్యయనములో ఉల్లిలోని క్వెర్సెటిన్ గ్లూకోసైడులు నూటికి సుమారు 52 పాళ్ళును, చక్కెర జతలేని శుద్ధ క్వెర్సెటిన్ సుమారు 24 పాళ్ళును, రూటిన్ రూపములోనిది సుమారు 17 పాళ్ళును శోషింపబడినట్లు తేలినది. ఒకే ఫ్లేవనాయిడ్ తాను కట్టుకొన్న చక్కెర మారినంతనే ఇంత భేదము చూపుచుండగా, ఆకులో అది ఎంతయున్నదో చెప్పి, దేహములో ఏమి చేయునో దానినుండి ఊహించుట ఏ న్యాయము?

దీనికి ప్రతిపక్షులు చెప్పు సమాధానములలో బలమైనది ఒకటి కలదు. దానిని దాటవేయుట ధర్మము కాదు. వాపుపుట్టిన చోట గుమిగూడు మాక్రోఫేజ్ కణములు బీటా-గ్లూకురోనిడేజ్ అను ఎంజైమును వెలువరించి, జతగూడిన క్వెర్సెటిన్‌ను అక్కడికక్కడ విడిపించి, దానిని మరల క్రియాశీలమొనర్చునని జపాను శాస్త్రజ్ఞులు చూపియున్నారు. ఇది మనోహరమైన పరిశోధన. దేహమే మందును సరియైన స్థానమున విప్పుకొనుననుట ఎవరికైనను ఆశ గొలుపును. అయినను అది ఒక మార్గము సాధ్యమని చూపినదే గాని, ఆ మార్గమున రోగియొకడు స్వస్థుడైనట్లు చూపలేదు. సాధ్యము నుండి సిద్ధము వరకు గల దూరమును నడవవలసినది పరిశోధకులు. విక్రేత ఆ దూరమును ఒక్క వాక్యముతో దాటుచున్నాడు.

ఈ ప్రచారకుల వాదమునందలి అన్యాయము స్పష్టముగా కనబడు ఉదాహరణ మరియొకటి చెప్పెదను. మాస్టు కణములపై క్వెర్సెటిన్ ప్రభావము వెల్లడియైన ఆ 1977లోనే, ఆ క్వెర్సెటిన్‌యే ఏమ్స్ పరీక్షలో బాక్టీరియముల జన్యువులలో మార్పు కలిగించుచున్నదని మరియొక పరిశోధన ప్రకటించినది. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1999లో సాక్ష్యమునంతయు తూచి, మనుష్యులలో క్యాన్సరు కలిగించునని గాని, కలిగింపదని గాని వర్గీకరించుటకు చాలదని తేల్చి, దానిని మూడవ వర్గమున చేర్చెను. ఈ సంగతి చెప్పినప్పుడు క్వెర్సెటిన్ భక్తులు, 'అది పరీక్షనాళికలో జరిగిన సంగతి. దేహములో అట్లు జరుగదు. ప్రేగును కాలేయమును దానిని మార్చివేయును' అని సమాధానమిత్తురు. ఆ సమాధానము సరియైనదే. అయితే నాళికలోని కీడు దేహమునకు వర్తింపదని చెప్పు నోటితోనే నాళికలోని మేలు దేహమునకు వర్తించునని చెప్పుట ఎట్లు చెల్లును? తూనికరాళ్ళు రెండింటికి ఒక్కటియే కావలెను.

ఇంతకంటె గంభీరమైన దోషము ఈ అభిప్రాయమునకు మూలములోనే యున్నది. వాపు శత్రువనియు, దానిని ఎంత అణచిన అంత మేలనియు ఈ ప్రచారము జనులకు నేర్పుచున్నది. శోథము దేహరక్షణకై పుట్టిన వ్యవస్థ. అది హద్దుమీరినప్పుడు వ్యాధి, హద్దులోనున్నప్పుడు ప్రాణరక్ష. క్షయ క్రిమిని ఊపిరితిత్తులలో గోడకట్టి బంధించి యుంచుటలో టి.ఎన్.ఎఫ్. ప్రధానపాత్ర వహించును. కీళ్ళవాతమునకు టి.ఎన్.ఎఫ్.ను నిరోధించు ఇన్‌ఫ్లిక్సిమాబ్ అను మందు వచ్చిన కొలదికాలమునకే, 2001లో, ఆ మందు తీసికొన్న 70 మందికి క్షయ బయటపడిన వృత్తాంతము ప్రకటితమైనది. అప్పటినుండి ఆ చికిత్సకు ముందు క్షయ పరీక్ష చేయుట నియమమైనది. క్షయక్రిమి నిద్రాణముగానున్న దేహములు ఎన్నియో గల మన దేశములో, ఇరుకు సందులలో ఒకే గదిలో పలువురు నివసించు పాతబస్తీలో, ఈ సంగతి పుస్తకములలో మిగిలిపోవునది కాదు. కావున డబ్బాపై ముద్ర వేయువారు రెండింటిలో నొకటి ఒప్పుకొనవలెను: ఆ ఆకుమాత్ర దేహములో టి.ఎన్.ఎఫ్.ను నిజముగా అణచుచున్నచో, దానికి ప్రమాదమును కలదు, ముందు పరీక్షలు కావలెను, వైద్యుని పర్యవేక్షణ కావలెను. ఎవరికైనను ఎంతకాలమైనను నిరపాయకరమన్నచో, అది అంతగా అణచుట లేదని ఒప్పుకొన్నట్లే.

జంతువులపై చేసిన ప్రయోగమును మనుష్యునకు తొందరపడి వర్తింపజేయుటలోని ప్రమాదము హైదరాబాదునకు కొత్తది కాదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కాలమున, 1888లోను 1889లోను, రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ ప్రోత్సాహమున, ఈ నగరములో శస్త్రచికిత్సలో వాడు మత్తుమందైన క్లోరోఫారముపై కమిషనులు రెండు జరిగినవి; రెండవదానికి నిజాము ప్రభుత్వమే వ్యయము భరింపగా, ఇంగ్లండునుండి లాడర్ బ్రంటన్ అను ప్రఖ్యాత వైద్యుడు వచ్చి పాల్గొనెను. వందలకొలది జంతువులను పరీక్షించి, క్లోరోఫారము శ్వాసను ఆపి చంపునే గాని గుండెపై నేరుగా దెబ్బతీయదనియు, శ్వాసను కనిపెట్టియున్న చాలుననియు కమిషను తీర్పు చెప్పినది. శ్రమకు లోపము లేదు, సంఖ్యకు లోపము లేదు, ఉద్దేశమునకు లోపము లేదు. అయినను ఇరువదియొకటో ఇరువదిరెండో సంవత్సరములు గడచిన పిమ్మట గుడ్మన్ లెవీ అను శాస్త్రజ్ఞుడు, లోతుగా గాక తేలికగా మత్తెక్కిన స్థితిలోనే క్లోరోఫారము గుండెలయను చెదరగొట్టి అకస్మాత్తుగా ఆపివేయగలదని చూపెను. అంత విస్తారమైన ప్రయోగపరంపరయే మనుష్యుని విషయములో తప్పుదారి పట్టించినప్పుడు, కొన్ని పాత్రల కణములనుండి, క్యారజీనన్ ఎక్కించి ఉబ్బించిన కొన్ని ఎలుకల పాదములనుండి, లోకమునకంతకు మందు తేలినదని ప్రకటించుట సాహసము గాక మరేమి?

ఇప్పుడు సంప్రదాయము పేర వచ్చు ఆక్షేపణను విచారింతము. 'శతాబ్దములుగా హకీములు ఈ మూలికలనిచ్చి రోగులను బాగుచేయుచున్నారు. ఫ్లేవనాయిడ్ల శాస్త్రము వారి అనుభవమునకు సాక్ష్యము పలికినది. దానిని కాదనుట మన వైద్యమును కించపరచుట' అని పలువురందురు. ఈ ఆక్షేపణలో అభిమానమున్నది, న్యాయము లేదు. చార్మినారు ప్రక్కన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున వెలసిన నిజామియా దవాఖానాలోను, అచ్చటి తిబ్బీ కళాశాలలోను బోధింపబడు యునానీ వైద్యము రోగి మిజాజును, అనగా దేహప్రకృతిని, విచారించును, నాడిని చూచును, వయస్సును, ఋతువును, ఆహారమును అడుగును. అటుపిమ్మట ఆ రోగికి తగిన నుస్ఖా వ్రాయును. ఆ వైద్యసిద్ధాంతము ఒప్పో తప్పో వేరు విషయము. అది యెన్నడును 'ఈ అణువు ఈ సంకేతమును ఆపును గనుక ఈ ఆకు అందరికి మందు' అని చెప్పలేదు. దానిపేర అట్లు చెప్పుట దానికి సాక్ష్యము పలుకుట కాదు, దాని విచక్షణను తీసివేసి సరకును మాత్రము మిగుల్చుట.

జోషాందాను తీసికొందము. చలికాలమున జలుబు దగ్గులకు పాతబస్తీ యిండ్లలో కాచు ఈ కషాయములో ఉన్నాబు, సపిస్తాన్, బనఫ్షా, ఖత్మీ, బిహీదానా, ముల్హెఠీ సామాన్యముగా చేరును. బిహీదానా, ఖత్మీ, సపిస్తాన్‌లకు జిగురు ప్రధానము. ఆ జిగురు మంటపుట్టిన గొంతుకు పూతయై ఉపశమనమిచ్చుటకు రోగనిరోధక కణముల సంకేతములతో పనిలేదు. వేడినీటి ఆవిరికిని తన పాలు తనకు కలదు. ముల్హెఠీలో, అనగా అతిమధురపు వేరులో, ఫ్లేవనాయిడ్లున్నమాట నిజమే. అయితే ఆ వేరులోనే గ్లిసిరైజిన్ అను పదార్థమును కలదు. దీర్ఘకాలము అధికముగా తీసికొన్నచో అది దేహములోని పొటాషియమును తగ్గించి రక్తపోటును పెంచును. ఇన్ని ద్రవ్యములు కలిసిన కషాయములో ఉపశమనము కలిగినంతనే ఆ ఘనతను ఫ్లేవనాయిడ్లకు కట్టబెట్టుటయు, 'ప్రకృతిసిద్ధము గనుక రోజూ త్రాగవచ్చు' అని రక్తపోటు గలవారికి చెప్పుటయు, మొదటిది అశాస్త్రీయము, రెండవది అపాయకరము.

ఆహారపరిశీలనల సాక్ష్యమును చూపువారికిని సమాధానము చెప్పవలెను. నెదర్లాండ్స్‌లోని జూట్‌ఫెన్ పట్టణమున 805 మంది వృద్ధులను పరిశీలింపగా, తేనీరు, ఉల్లి, ఆపిలుపండ్లద్వారా ఫ్లేవనాయిడ్లు ఎక్కువగా తీసికొన్నవారిలో హృద్రోగ మరణములు తక్కువగా కనబడినవని 1993లో ప్రకటితమైనది. ఇది ఆలోచింపజేయు సమాచారము. అయితే ఆపిలుపండు తినువాని జీవనములో ఆపిలుపండొక్కటియే భేదము కాదు. అందుచేతనే అమెరికాలో 21,442 మందిని చీట్లు వేసినట్లు రెండు పక్షములుగా విభజించి, ఒక పక్షమునకు దినమునకు 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్సు అను ఫ్లేవనాయిడ్లను, రెండవ పక్షమునకు మందులేని ఉత్త మాత్రను ఇచ్చి చూచిరి. 2022లో ఫలితము వెలువడినది: హృద్రోగ ఘటనల మొత్తములో గణనీయమైన తగ్గుదల కనబడలేదు; హృద్రోగ మరణములు మాత్రము తక్కువైనవి. ఆ పరిశోధకులు మొదటి ఫలితమును దాచలేదు, రెండవదానిని డప్పు కొట్టలేదు, ఇంకను పరిశీలింపవలెననిరి. ఒక మందును గౌరవించు పద్ధతి అది.

మొక్కలనుండి మందులు రావని గాని, ఈ జాతి ద్రవ్యములు పనికిరావని గాని నేననుట లేదు. వచ్చిన దారి ఎట్టిదో చూడుడనుచున్నాను. ఐగుప్తదేశపు ఖెల్లా మొక్కనుండి లభించిన ఖెల్లిన్, ఫ్లేవనాయిడ్లకు చుట్టమైన క్రోమోన్ జాతి ద్రవ్యము. దానిని మూలముగా గొని 1960లలో ఇంగ్లండునందు రోజర్ ఆల్టూన్యన్ అను వైద్యుడు, తానే ఉబ్బసరోగియై, తనలో ఉబ్బసమును తానే రేపుకొని ఒక్కొక్క కొత్త ద్రవ్యమును పీల్చి పరీక్షించుచు పోగా సోడియం క్రోమోగ్లైకేట్ సిద్ధించినది. అది నోటితో మ్రింగిన శోషింపబడదు గనుక ఊపిరితో పీల్చుటకు ప్రత్యేక సాధనమునే నిర్మింపవలసివచ్చినది. సిరలవాపునకు, మొలలకు వైద్యులు వ్రాయు డయోస్మిన్-హెస్పెరిడిన్ మందు సాక్షాత్తు ఫ్లేవనాయిడ్ల మందే. దానిని శోషణకై అతిసూక్ష్మముగా నూరి, రోగులపై పరీక్షించి, ఫలానా రోగమునకు ఫలానా మోతాదని నిర్ణయించిన పిమ్మటనే అది మందైనది. గుణము కనబడుట ఆరంభము. రూపము, మార్గము, మోతాదు, రోగము, అపాయము అను ఐదింటిని నిర్ణయించుట వైద్యము.

ఆ పనికి కావలసిన సంపత్తి హైదరాబాదు నగరములోనే కలదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహారముల పోషకపట్టికలో 528 ఆహారములను విశ్లేషించి, వాటిలోని, ఫ్లేవనాయిడ్లు కూడ చేరిన పాలీఫినాళ్ళను సైతము లెక్కగట్టినది. కణజీవశాస్త్రమునకు సీసీఎంబీ, రసాయనశాస్త్రమునకు ఐఐసీటీ దాని పొరుగుననే యున్నవి. ఎర్రగడ్డలోని జాతీయ యునానీ చర్మవ్యాధుల పరిశోధన సంస్థకు బొల్లిరోగుల చికిత్సలో దీర్ఘానుభవము కలదు. పాతబస్తీ దవాఖానాలలో రోగులున్నారు, నుస్ఖాలున్నవి, ఆ వైద్యమునందు విశ్వాసమున్నది. వీరందరు ఒకచోట కూర్చుండి, ఒక నుస్ఖాను, ఒక రోగమును, ఒక కొలతను ఎన్నుకొని, మందులేని ఉత్త మాత్రతో సరిపోల్చి పరీక్షించి, ఫలితము అనుకూలమైనను ప్రతికూలమైనను ప్రకటించినచో, పాత్రలలో పుట్టిన వేయి వ్యాసములకంటె అది హకీములకు గౌరవము, రోగులకు మేలు.

పరిశోధకులారా, మీ పాత్రలో కణము శాంతించినదని వ్రాయుడు, అంతమట్టుకే వ్రాయుడు. పత్రికాసంపాదకులారా, 'నిరూపితము' అను మాట అచ్చువేయుటకు ముందు ఎవరిలో, ఎంత మోతాదుతో, దేనితో పోల్చి నిరూపితమని అడుగుడు. పాఠకులారా, ఉల్లి తినుడు, ఆకుకూరలు తినుడు, జలుబు చేసినప్పుడు జోషాందా త్రాగుడు. వాటికి శాస్త్రపు అనుమతి అవసరము లేదు. అయితే ఉదయము లేవగానే చేతివ్రేళ్ళు గంటసేపు బిగిసిపోవుచు, కీళ్ళు వారములకొలది వాచియుండి, అది కీళ్ళవాతమని వైద్యుడు తేల్చినచో, ఆకుమాత్రల డబ్బాపై ముద్రను నమ్మి చికిత్సను వాయిదా వేయకుడు. మొదటి నెలలలో మెథోట్రెక్సేట్ వంటి మందు పడినచో నిలువగల కీలు, ఆలస్యమైనచో అరిగి వంకరపోవును. అట్లు వంకరపోయిన కీలును ఏ ఫ్లేవనాయిడ్ గాని, ఏ హకీము గాని, ఏ డాక్టరు గాని మునుపటివలె చేయజాలరు.